రైజ్, రోజ్, రిజన్: గోదారి నీటిమట్టంతో ఒక ఇంగ్లిష్ క్రియ రూపాలు నేర్చుకోవడం ఎలా?

బళ్లో ‘వి1, వి2, వి3’ పట్టిక బట్టీ పట్టని వాళ్లు అరుదు. ‘గో, వెంట్, గాన్’, ‘టేక్, టుక్, టేకెన్’ అని గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పేస్తారు. అలాంటి వాళ్లనే ‘ధవళేశ్వరం దగ్గర నీరు పెరిగింది’ అన్న చిన్న మాటను ఇంగ్లిష్‌లో చెప్పమంటే ‘వాటర్ ఈజ్ రైజ్డ్’ అని ఒకరు, ‘వాటర్ వాజ్ రోజ్’ అని ఇంకొకరు అంటారు. రెండూ తప్పే. లోపం వాళ్ల జ్ఞాపకశక్తిలో లేదు. ఆ పట్టిక మూడు మాటలు ఇచ్చి ఊరుకుంటుంది. ఏ మాట ముందు ఏ సహాయక క్రియ రావాలో, ‘పెరిగింది’, ‘పెరుగుతోంది’, ‘పెరిగిపోయింది’ లాంటి తెలుగు క్రియల్లో దేనికి ఏది సరిపోతుందో చెప్పదు.

అందుకే వంద క్రియల్ని పైపైన చదివే కన్నా ఒక్క క్రియను అడుగు దాకా నేర్చుకోవడం మేలు. ఇక్కడ తీసుకున్నది ‘రైజ్’. పెరగడం, పైకి లేవడం, ఉదయించడం దాని అర్థాలు. డెల్టాలో ఉన్నవాళ్లకు ఇంతకన్నా అనువైన క్రియ లేదు. జులైలో ఎర్రనీరు దిగిన దగ్గర్నుంచి సెప్టెంబరు దాకా నీటిమట్టం ఎన్ని అడుగులైందో ఇంటింటా మాట్లాడుకుంటాం. అదే మాట ఇంగ్లిష్‌లో అనుకుంటే చాలు, అభ్యాసం అయిపోతుంది.

కావాల్సినవి ఒక నోట్‌బుక్కు, గొంతు రికార్డు చేసుకోవడానికి ఒక ఫోను, వరద రోజుల్లో జిల్లా పేపరు. రోజుకు 20 నిమిషాల చొప్పున ఒక వారం కేటాయించండి.

1. ఐదు రూపాలు రాసుకోండి, మూడు కాదు

పేజీ మధ్యలో ఒకదాని కింద ఒకటి రాయండి.

రైజ్: ఆర్, ఐ, ఎస్, ఈ.
రైజిజ్: దాని చివర ఇంకో ఎస్.
రోజ్: ఐ తీసేసి ఆ చోట ఓ.
రిజన్: రైజ్ చివర ఒక ఎన్.
రైజింగ్: చివరి ఈ తీసేసి ఐ, ఎన్, జి.

స్పెల్లింగులో జారే చోట్లు రెండున్నాయి. ‘రిజన్’లో రెండు ఎస్‌లు పెట్టేస్తుంటారు. ‘రిటెన్’లో రెండు టీలు, ‘రిడెన్’లో రెండు డీలు చూసిన అలవాటు అది. ఇక్కడ ఒక్కటే ఎస్. రెండోది, ‘రైజింగ్’లో ఈ అలాగే ఉంచేయడం. ఇక ‘రైజ్డ్’ అనే మాట ఇంగ్లిష్‌లో లేనే లేదు. మీరు విన్నది ‘రేజ్డ్’ అయ్యుంటుంది. అది వేరే క్రియ, దాని సంగతి అయిదో మెట్టులో వస్తుంది.

2. నోటితో సరిగ్గా అనండి

ఇక్కడ తొందర పడకండి. పలకడం తప్పితే విన్నప్పుడు గుర్తుపట్టడం కూడా తప్పుతుంది.

మొదటి చిక్కు చివరి శబ్దం. ‘రైజ్’ చివర స్‌ అనేస్తే అది ‘రైస్’, అంటే బియ్యం అయిపోతుంది. ధాన్యం రేటు గురించి మాట్లాడే ఊళ్లో ఈ తేడా చిన్నది కాదు. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి ‘స్‌స్‌స్’ అని సాగదీయండి, గొంతు అదరదు. నాలుక కదపకుండా గొంతు కలపండి, వేళ్లకు అదురు తెలుస్తుంది. అదే కావాల్సిన శబ్దం. మన ‘జిల్లా’లోని జ దీనికి దూరం, ఎందుకంటే అక్కడ నాలుక అంగిలికి అతుక్కుంటుంది. ‘రోజు’, ‘జడ’ అనేటప్పుడు పళ్ల దగ్గర పలికే జ దీనికి కాస్త దగ్గర. అయితే అక్కడ కూడా నాలుక తాకి విడుస్తుంది, ఇంగ్లిష్ శబ్దంలో తాకకూడదు.

తెలుగులో ఇ, ఎ అచ్చుల ముందు జ తనంతట తానే అంగిలి వైపు వెళ్తుంది. అందుకే ‘రోజ్’ బాగా అనేవాళ్లు కూడా ‘రైజింగ్’ దగ్గరకొచ్చేసరికి ‘జిల్లా’లోని జ పలుకుతారు. ‘రైజింగ్’ను మెల్లగా పదిసార్లు అని రికార్డు చేసుకుని వినండి.

రెండో చిక్కు చివర ఉ చేర్చడం. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘రైజు’, ‘రోజు’ అని వచ్చేస్తుంది. హల్లు దగ్గరే ఆగాలి.

మూడోది అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే తప్పు. రాతలో ఐ అక్షరం చూసి ‘రిజన్’ను ‘రైజన్’ అంటారు. అక్కడున్నది పొట్టి ఇ. జైలు అనే అర్థంలో వాడే ‘ప్రిజన్’కూ దీనికీ ప్రాస సరిగ్గా కుదురుతుంది. రెండూ కలిపి అనుకోండి: ప్రిజన్, రిజన్. ‘రైజిజ్’కు రెండు పలుకులు: రై, జిజ్.

ఈ వాక్యం రోజుకు పదిసార్లు అంటే నోరు తిరుగుతుంది: ‘రైస్ ప్రైసెస్ ఆర్ రైజింగ్.’ మొదటి మాట చివర స్, ‘రైజింగ్’ మధ్యలో గొంతు కలిసిన శబ్దం.

3. ఏ మాట పక్కన ఏ రూపం

ముందు నేర్చుకోవాల్సిన సూత్రం: ‘రోజ్’ ముందు ఏ సహాయక క్రియా రాదు. ఎప్పుడూ రాదు. ‘వాజ్ రోజ్’, ‘డిడ్ రోజ్’, ‘హ్యాజ్ రోజ్’, ‘విల్ రోజ్’ అన్నీ ఈ ఒక్క మాటతో కొట్టుకుపోతాయి. మిగతా నాలుగు రూపాల్లో ‘రైజిజ్’ కూడా ఒంటరిగానే ఉంటుంది. ‘ఇట్’, ‘హి’, ‘షి’ లేదా ఒకే వస్తువు పేరు కర్తగా ఉన్నప్పుడు అది వస్తుంది.

డు, డజ్, డిడ్, విల్, కెన్, మే, మస్ట్, టు. వీటి తర్వాత ‘రైజ్’ మాత్రమే. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ తర్వాత ‘రిజన్’. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్ తర్వాత ‘రైజింగ్’.

‘డిడ్ నాట్ రోజ్’ ఎందుకు తప్పంటే, జరిగిపోయిన కాలాన్ని ‘డిడ్’ ముందే చెప్పేసింది. ఇంకోసారి చెప్పక్కర్లేదు. తెలుగులోనూ అంతే. ‘పెరగలేదు’లో ‘పెరగ’ అనే ముక్కకు కాలం లేదు, కాలం ‘లేదు’లో ఉంది. ‘పెరిగలేదు’ అని మనం అనం కదా, ‘డిడ్ నాట్ రోజ్’ అన్నదీ అలాంటిదే.

ఒక మినహాయింపు చెవిన పడుతుంది. ఈస్టర్ ఉదయం మన ఊళ్ల చర్చిల్లో ‘క్రైస్ట్ ఈజ్ రిజన్’ అంటారు. అది తప్పు కాదు. పూర్వం ఇంగ్లిష్‌లో రావడం, పోవడం, లేవడం లాంటి క్రియలకు ‘హ్యాజ్’ బదులు ‘ఈజ్’ కూడా వాడేవారు. ఆరాధనలో ఆ పాత రూపం నిలిచిపోయింది. నీటికీ ధరలకూ మాత్రం ‘హ్యాజ్ రిజన్’, ‘హ్యావ్ రిజన్’ అనే అనాలి.

4. తెలుగు క్రియ నుంచి ఇంగ్లిష్ రూపానికి

అసలు పని ఇక్కడే ఉంది. వారంలో మూడు రోజులు దీనికే పెట్టండి.

‘నీటిమట్టం పెరుగుతోంది’ అంటే ‘ఈజ్ రైజింగ్’. ఇందులో ఇబ్బంది లేదు. ‘పెరుగుతుంది’ దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఏటా, రోజూ జరిగే సంగతైతే ‘రైజిజ్’: ‘ద రివర్ రైజిజ్ ఎవ్రీ జులై.’ అంతర్వేది రేవులో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ‘ద టైడ్ రైజిజ్ ట్వైస్ ఎ డే.’ జరగబోయేదైతే ‘విల్ రైజ్’: ‘రేపటికి ఇంకో అడుగు పెరుగుతుంది’ అనడానికి ‘ఇట్ విల్ రైజ్ బై అనదర్ ఫుట్ బై టుమారో.’ తెలుగులో ఒకే రూపం రెండు పనులూ చేస్తుంది. కాబట్టి ఇంగ్లిష్‌లోకి వెళ్లే ముందు ‘ఇది అలవాటా, రాబోయేదా?’ అని అడగాలి.

ఎక్కువ మంది తడబడేది ‘పెరిగింది’ దగ్గర. దానికి ‘రోజ్’ రావచ్చు, ‘హ్యాజ్ రిజన్’ రావచ్చు. ఏది రావాలో ‘ఎప్పుడు?’ అనే ప్రశ్న తేలుస్తుంది. వాక్యంలో నిన్న, మొన్న, పోయిన వారం, 1986లో అంటూ గడిచిపోయిన సమయం చెబితే ‘రోజ్’. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది, 2022 జులైలో 71.3 అడుగులకు. రెండిటికీ ‘రోజ్’ తప్ప వేరే దారి లేదు: ‘ఇన్ జులై 2022, ద గోదావరి రోజ్ టు 71.3 ఫీట్ ఎట్ భద్రాచలం.’ ఎప్పుడన్నది చెప్పకుండా, ఇప్పుడున్న పరిస్థితి తెలియజేయడమే ముఖ్యమైతే ‘హ్యాజ్ రిజన్’. గట్టు మీద నిలబడి నీళ్లు చూస్తూ ‘అబ్బో, పెరిగింది’ అంటే ‘ద వాటర్ హ్యాజ్ రిజన్.’ ఈ రెండూ కలిపేసి ‘హ్యాజ్ రిజన్ యెస్టర్డే’ అనడం చదువుకున్న వాళ్లలోనూ వినిపించే తప్పు. ‘నిన్న’ అనే అర్థంలో ‘యెస్టర్డే’ ఉన్న వాక్యంలో ‘హ్యాజ్ రిజన్’ కొట్టేసి ‘రోజ్’ పెట్టండి.

‘నిన్నటి నుంచి పెరుగుతోంది’ ఇంకో ఉచ్చు. తెలుగులో వర్తమానమే కాబట్టి ‘ఈజ్ రైజింగ్ ఫ్రమ్ యెస్టర్డే’ అంటాం. వెనక ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న దానికి ఇంగ్లిష్‌లో ‘హ్యాజ్ బీన్ రైజింగ్’ రావాలి. మొదలైన సమయం చెబితే ‘సిన్స్’, ఎంతసేపటిగానో చెబితే ‘ఫర్’. ‘హ్యాజ్ బీన్ రైజింగ్ సిన్స్ యెస్టర్డే’ అంటే నిన్నటి నుంచి, ‘ఫర్ త్రీ డేస్’ అంటే మూడు రోజులుగా. ‘ఫ్రమ్’ ఇక్కడ పనికిరాదు.

జరిగిపోయిన రెండు పనుల్లో ముందు జరిగినదానికి ‘హ్యాడ్ రిజన్’. ‘పంటు ఆపేసరికే నీరు గట్టు దాకా పెరిగిపోయింది’ అన్నప్పుడు పంటు ఆపడం తర్వాతిది, నీరు పెరగడం ముందుది: ‘బై ద టైమ్ దే స్టాప్డ్ ద ఫెర్రీ, ద వాటర్ హ్యాడ్ రిజన్ టు ద బండ్.’ ‘అప్పటికే’, ‘వచ్చేసరికే’ అనే మాటలు కనబడితే ఈ రూపం గుర్తు చేసుకోండి. ‘రాత్రి మేం పడుకునేటప్పుడు పెరుగుతూనే ఉంది’ అంటే ‘వాజ్ రైజింగ్’. తెలుగు ‘ఉంది’ నిన్నటికీ ఇవాళ్టికీ సరిపోతుంది కాబట్టి దాన్ని నమ్మకండి, పక్కనున్న సమయం చూడండి.

ఇంకొకటి ఉంది. తెలుగులో నీళ్లు బహువచనం: ‘నీళ్లు పెరిగాయి’. అదే ధోరణిలో ‘వాటర్ హ్యావ్ రిజన్’ అని వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో ‘వాటర్’ ఏకవచనం, ‘హ్యాజ్’ పెట్టాలి. కొబ్బరికాయల ధరలు పెరిగితే మాత్రం ‘కోకోనట్ ప్రైసెస్ హ్యావ్ రిజన్.’

5. ‘రైజ్’ను ‘రేజ్’తో కలపకండి

ధవళేశ్వరంలో వరద వచ్చినప్పుడు జరిగే రెండు పనుల్లో ఈ పాఠం మొత్తం ఉంది. నీరు పెరుగుతుంది. బ్యారేజీ గేట్లు ఎత్తుతారు. ‘ద వాటర్ రోజ్. ద ఇంజనీర్స్ రేజ్డ్ ద గేట్స్.’ నీటిని ఎవరూ పెంచలేదు, తనే పెరిగింది. గేట్లు వాటంతట అవి లేవలేదు, ఒకరు ఎత్తారు. బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లున్నాయి. వాటన్నిటినీ ఎత్తితే ‘ఆల్ 175 గేట్స్ వర్ రేజ్డ్’ అని రాయాలి, ‘వర్ రిజన్’ కాదు.

ఈ తేడా మనకు కొత్తది కాదు. తెలుగులో పెరుగు, పెంచు. లేచు, లేపు. దిగు, దింపు. మారు, మార్చు. ప్రతి జంటలో మొదటిది తనంతట జరిగేది, రెండోది ఒకరు చేసేది. ‘పెరుగు’ ఉన్న చోట ‘రైజ్’, ‘పెంచు’, ‘లేపు’, ‘ఎత్తు’ ఉన్న చోట ‘రేజ్’. అనుమానం వస్తే వాక్యాన్ని ‘దేన్ని?’ అని అడగండి. జవాబుంటే ‘రేజ్’, లేకపోతే ‘రైజ్’. ‘రొయ్య రేటు పెరిగింది.’ దేన్ని? జవాబు లేదు, ‘రోజ్’. ‘వ్యాపారులు రేటు పెంచారు.’ దేన్ని? రేటుని, ‘రేజ్డ్’.

‘రేజ్’కు బెంగ లేదు, ‘రేజ్, రేజ్డ్, రేజ్డ్’, అంతే. మాటలో తేడా అచ్చులో ఉంది, మొదటిదాంట్లో ఐ, రెండోదాంట్లో ఏ. పుట్టుక కూడా వేరు. ‘రైజ్’ ఇంగ్లిష్‌లో మొదటి నుంచీ ఉన్నది, కాబట్టి పాత పద్ధతిలో లోపలి అచ్చు మార్చుకుంటుంది. ‘రేజ్’ ఉత్తర ఐరోపా నార్స్ భాష నుంచి వచ్చి చేరింది, చివర ‘డ్’ తగిలించుకుంటుంది.

జీతం పెంపును బ్రిటన్‌లో ‘పే రైజ్’ అంటారు, అమెరికాలో ‘రేజ్’. ఉద్యోగం ఏ దేశపు కంపెనీలోనో చూసుకుని వాడుకోండి.

6. ఎంత, ఎంతకు

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఈ మూడు అంకెలు డెల్టాలో చాలామందికి కంఠతా వచ్చు. ‘13.75 అడుగులకు పెరిగింది’ అంటే ‘రోజ్ టు’. ‘2 అడుగులు పెరిగింది’ అంటే ‘రోజ్ బై 2 ఫీట్’. తెలుగులో ‘కు’ ఉంటే ‘టు’, ఏమీ లేకపోతే ‘బై’. మొదటి హెచ్చరిక నుంచి మూడోదానికి: ‘ఇట్ రోజ్ బై సిక్స్ ఫీట్, ఫ్రమ్ 11.75 టు 17.75.’ ‘దాటింది’కి ‘రోజ్ అబోవ్’. ‘టు’, ‘బై’ తారుమారైతే చిన్న వ్యాకరణ దోషంతో పోదు. రెండడుగుల పెరుగుదల కాస్తా రెండడుగుల నీటిమట్టం అయిపోతుంది.

7. వారం అభ్యాసం

మొదటి రోజు రాత, పలుకు. రెండో రోజు సహాయక క్రియలు. ఒక చీటీ మీద ‘డిడ్’, ఇంకో దాని మీద ‘హ్యాజ్’, మరో దాని మీద ‘వాజ్’, అలా 12 చీటీలు రాసి రెండిటిని ఖాళీగా వదలండి. ఎవరైనా ఒకటి తీసి చూపిస్తే సరిపోయే రూపంతో పూర్తి వాక్యం చెప్పాలి. ఖాళీ చీటీ వస్తే ‘రోజ్’. రూపం ఒక్కటే చెప్పి ఊరుకుంటే పాత పట్టికకే తిరిగి వెళ్లినట్టు.

మూడు నుంచి అయిదో రోజు వరకు పేపర్లో వరద వార్త తీసుకుని, అందులో ‘పెరిగింది’, ‘పెరుగుతోంది’, ‘పెరగొచ్చు’ ఉన్న ఆరు వాక్యాలు ఎంచి ఇంగ్లిష్‌లో రాయండి. పక్కన ఆ రూపం ఎందుకు పెట్టారో తెలుగులో ఒక్క ముక్క రాయండి: ‘నిన్న ఉంది’, ‘అలవాటు’, ‘దేన్ని అంటే జవాబు లేదు’. ఈ కారణం రాయకపోతే తప్పు ఎక్కడ పుడుతోందో తెలియదు. వరద లేని కాలంలో ధాన్యం రేటు, రొయ్య రేటు, మే నెలలో రాజమండ్రి ఎండ దీనికి పనికొస్తాయి.

ఆరో రోజు రాత లేకుండా రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి. ఏడో రోజు వినండి. ‘రైజన్’, ‘ఈజ్ రైజ్డ్’, ‘ఫ్రమ్ యెస్టర్డే’ అనే మూడింటిని మాత్రం లెక్కపెట్టండి. అన్ని తప్పులూ ఒకేసారి పట్టబోతే ఏదీ దిద్దుకోలేం.

మీరు చూసుకోవడానికి నాలుగు వాక్యాలు, కింది జవాబులు చేత్తో మూసి చెప్పండి.

ఎర్రనీరు వచ్చింది గానీ నీటిమట్టం పెరగలేదు.
మూడు రోజులుగా వరద పెరుగుతోంది.
సోమవారం 3 అడుగులు పెరిగింది.
ఇంకా పెరగొచ్చు.

జవాబులు: ‘డిడ్ నాట్ రైజ్’ లేదా ‘హ్యాజ్ నాట్ రిజన్’, సందర్భాన్ని బట్టి. ‘హ్యాజ్ బీన్ రైజింగ్ ఫర్ త్రీ డేస్’. ‘రోజ్ బై త్రీ ఫీట్’. ‘మే రైజ్’.

తర్వాత ఏ క్రియ?

‘రైజ్’ వచ్చాక ఐ, ఓ, పొట్టి ఇ అనే అచ్చుల వరస నోటికి పట్టేస్తుంది. అదే వరసలో ‘డ్రైవ్, డ్రోవ్, డ్రివెన్’, ‘రైట్, రోట్, రిటెన్’, ‘రైడ్, రోడ్, రిడెన్’, సమస్యలు తలెత్తడానికి వాడే ‘అరైజ్, అరోజ్, అరిజన్’ ఉన్నాయి. మూడో మెట్టులోని సూత్రం అన్నిటికీ వర్తిస్తుంది, నడిమి రూపం ముందు సహాయక క్రియ రాదు. పొద్దున్నే నిద్ర లేవడానికి మాత్రం ‘ఐ రోజ్ ఎట్ ఫైవ్’ అనకండి. అర్థం అవుతుంది గానీ పుస్తకాల భాషలా ఉంటుంది, మాటల్లో ‘ఐ గాట్ అప్’ అంటారు.

వరద తీసినప్పుడు మొదలుపెట్టాల్సిన క్రియ ‘ఫాల్, ఫెల్, ఫాలెన్’. నాలుగో మెట్టులో ‘పెరుగు’ ఉన్న చోటల్లా ‘తగ్గు’ పెట్టి మళ్లీ రాయండి: ‘ద లెవల్ ఫెల్ బై ఫోర్ ఫీట్ యెస్టర్డే’, ‘ద వాటర్ హ్యాజ్ ఫాలెన్.’ అది కుదిరాక ప్రమాద హెచ్చరిక ఉపసంహరించారన్న వార్త పట్టుకోండి. అందులో ‘విత్‌డ్రా, విత్‌డ్రూ, విత్‌డ్రాన్’ దొరుకుతుంది. హెచ్చరికను ఎవరో ఉపసంహరించాలి కాబట్టి ‘ద థర్డ్ వార్నింగ్ వాజ్ విత్‌డ్రాన్’ అని రాయాలి.